వలస వచ్చినవాళ్ళు దేశాన్ని మారుస్తారా? కువైట్‌లో పనిచేసి వచ్చిన రాయచోటి మనిషి జవాబు

"వలస వచ్చినవాళ్ళు ఒక దేశపు సమాజాన్ని నిర్మిస్తారా, చెడగొడతారా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి" అని అడిగారు. ఈ ప్రశ్న వస్తే అందరూ అమెరికా గురించి చెబుతారు. నేను కువైట్ గురించి చెబుతాను, నాకు తెలిసింది అదే.

మాది రాయచోటి దగ్గర పల్లె. ఇటు సుండుపల్లె, లక్కిరెడ్డిపల్లె, అటు రాజంపేట, చిట్వేలి, కోడూరు, పాత కడప జిల్లాలో ఈ వైపు ఏ ఊరికి పోయినా కువైట్‌లో ఒక మనిషైనా లేని వీధి ఉండదు. నేనూ అక్కడ ఒక ఇంట్లో డ్రైవరుగా చాలా ఏళ్ళు చేసి వచ్చాను. నేను చూసినంతలో, వలస వచ్చినవాళ్ళు ఏ దేశాన్నైనా మారుస్తారు. అయితే ఎంత మారుస్తారనేది వాళ్ళ చేతిలో ఉండదు. పెళ్ళాం బిడ్డలతో కలిసి అక్కడ ఉండటానికి ఆ దేశం ఒప్పుకుంటుందా లేదా, అంతా దాని మీదే ఉంటుంది.

నేను పనిచేసిన ఇంటి సంగతే తీసుకోండి. ఆ ఇంట్లో చిన్న పిల్లోడికి అన్నం తినిపించి నిద్రపుచ్చేది శ్రీలంక ఆమె. వంట చేసేది కోడూరు దగ్గర నుంచి వచ్చిన ఒక అక్క. బడికి తీసుకుపోయి తెచ్చేది నేను. బడిలో పాఠం చెప్పేది ఈజిప్టు టీచరు. జ్వరం వస్తే ఆసుపత్రిలో సూది వేసేది కేరళ నర్సు. వాళ్ళమ్మా నాన్నా మంచివాళ్ళే, పిల్లోడంటే ప్రాణం. కానీ పొద్దున లేచింది మొదలు వాడి చుట్టూ తిరిగే మనుషుల్లో ఎక్కువమంది ఆ దేశం వాళ్ళు కారు. నాతో మాట్లాడటానికి అరబ్బీలో హిందీ కలిపి ఒక భాష తయారు చేసుకున్నాడు వాడు. దేశం మొత్తం అంతే. జనాభాలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ బయటివాళ్ళు. అందులో భారతీయులే పది లక్షల దాకా ఉంటారు.

ఇది మొన్న మొదలైంది కాదు. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది, 1946లో ఎగుమతి మొదలైంది. 1961లో సొంత దినార్ వచ్చేదాకా అక్కడ చెల్లింది మన రిజర్వు బ్యాంకు రూపాయే అంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. చమురు డబ్బుతో బళ్ళు, ఆసుపత్రులు, ఆఫీసులు కట్టారు సరే, నడిపేదెవరు? పాలస్తీనావాళ్ళు, ఈజిప్టువాళ్ళు వచ్చారు. 1990 నాటికి పాలస్తీనావాళ్ళే నాలుగు లక్షల దాకా ఉండేవాళ్ళు. టీచర్లు, ఇంజనీర్లు, గుమాస్తాలు. వాళ్ళలో చాలామందికి పిల్లలు పుట్టింది, పెరిగింది కూడా అక్కడే.

1990 ఆగస్టు 2న ఇరాక్ అధ్యక్షుడు సద్దాం సైన్యం వచ్చి పడింది. మా ఊళ్ళో పాతవాళ్ళు ఇప్పటికీ చెబుతారు, ఇరాక్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో విమానం కోసం ఎట్లా పడిగాపులు కాశారో. లక్షా డెబ్బై వేల మందికి పైగా మనవాళ్ళను ఇంటికి చేర్చారు. యుద్ధం అయ్యాక మనవాళ్ళు మళ్ళీ పోయారు. పాలస్తీనావాళ్ళకు ఆ అవకాశం లేకపోయింది. వాళ్ళ నాయకత్వం సద్దాం వైపు నిలబడిందని దాదాపు అందరినీ వెళ్ళగొట్టారు, ముందే వెళ్ళిపోయినవాళ్ళను మళ్ళీ రానివ్వలేదు. ఒక తరం పిల్లలకు చదువు చెప్పినవాళ్ళు ఏడాది తిరిగేసరికి లేరు. ఆ ఖాళీల్లో చాలావరకు ఈజిప్టువాళ్ళు, మన ఆసియావాళ్ళు చేరారు. సమాజాన్ని వలసలు నిర్మిస్తాయి అనేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: నిర్మించినవాడికి అందులో వాటా ఉంటుందని మాత్రం అనుకోవద్దు.

వాటా లేకపోవడానికి కారణం కఫీల్ పద్ధతి. కఫీల్ అంటే మనల్ని పనికి తెచ్చుకున్న అక్కడి యజమాని. మన వీసా, అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) అన్నీ కఫీల్ పేరు మీద ఉంటాయి. ఇంటిపనివాళ్ళది ఇరవై నంబరు, మనవాళ్ళు ఖాదిం వీసా అంటారు. కంపెనీవాళ్ళది పద్దెనిమిది, షూన్ అంటారు. కఫీల్‌తో పడక బయటికి పోతే పరారీ కేసు పెడతాడు, ఇక మనిషి కల్లివెల్లి, అంటే కాగితాలు లేనివాడు. పట్టుబడితే వేలిముద్రలు తీసుకుని ఊరికి పంపేస్తారు. 2015లో ఇంటిపనివాళ్ళకని ఒక చట్టం తెచ్చారు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు, రోజుకు 12 గంటలు మించి పని ఉండకూడదు, వారానికి ఒక సెలవు. మరుసటి ఏడు కనీస జీతం 60 దినార్లు అన్నారు. కాగితం మీద బాగానే ఉంది. నా పాస్‌పోర్టు మాత్రం ఎప్పుడూ ఆ ఇంటి బీరువాలోనే ఉండేది. 2025 జూలై నుంచి షూన్ వీసావాళ్ళు సెలవుకు ఇంటికి రావాలన్నా యజమాని అనుమతి కావాలి.

కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే? 2024లో కుటుంబ వీసాలు మళ్ళీ తెరిచినప్పుడు నెలకు కనీసం 800 దినార్ల జీతం అన్నారు. ఇంటి డ్రైవరుకు వంద దినార్లకు అటూ ఇటూ వస్తే గొప్ప. ఒకవేళ బిడ్డ అక్కడే పుట్టినా పౌరసత్వం తండ్రిని బట్టి వస్తుంది కాబట్టి మనకు రాదు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్న తెలుగువాళ్ళు కుటుంబాలతో ఉన్నారు, ఇండియన్ స్కూళ్ళూ ఉన్నాయి. మా రకం వాళ్ళకు శుక్రవారం పూట కువైట్ సిటీలోని మాలియా దగ్గర కలిసి ఊరి కబుర్లు చెప్పుకోవడం, దుడ్లు పంపడం, మళ్ళీ ఇంటికి పోయి కారు తుడవడం. ముప్పై ఏళ్ళున్నా అంతే.

మా చిన్నాన్న కొడుకు టెక్సాస్‌లో ఉన్నాడు. వాడికి గ్రీన్ కార్డు టెన్షన్ ఎప్పుడూ ఉండేదే, భారతీయుల క్యూ అంత పొడుగు మరి. అయినా వాడి పాప అక్కడ పుట్టింది, అక్కడి పౌరురాలు, రేపు ఓటు వేస్తుంది. 1965లో అమెరికా పాత దేశాలవారీ కోటాలు తీసేసి, కుటుంబాలు కలిసి ఉండటానికి దారి ఇచ్చింది. అక్కడి తెలుగువాళ్ళ గుళ్ళు, బడి కమిటీలు, ఎన్నికల్లో పోటీలు, ఇవన్నీ దాని వెనకే వచ్చాయి. మా వాడు నాకంటే కష్టపడ్డాడని కాదు (చదువుకున్నాడు, అది వేరే), వాడికి ఇల్లు కట్టుకోనిచ్చిన దేశం దొరికింది.

మేమూ ఇల్లు కట్టాం, కాకపోతే రాయచోటిలో. కువైట్ దుడ్లు మార్చింది మా సమాజాన్నే. పొలం పోయి బోర్లు ఎండిన ఇళ్ళు నిలబడ్డాయి, పిల్లలు ఇంజనీరింగ్ చదివారు. ఆడవాళ్ళు విమానం ఎక్కి సంపాదించి పంపితే మగవాళ్ళు ఇక్కడ లెక్క అడిగే కాలం వచ్చింది. పిల్లలు అవ్వల దగ్గర పెరిగారు. అమ్మ ఫోన్లో మాత్రమే తెలిసిన పిల్లలున్నారు మా వీధిలో, దాన్ని లాభం కింద రాయాలో నష్టం కింద రాయాలో నాకు తేలలేదు. (పోదామనుకునేవాళ్ళకు ఒక మాట: ఇంటిపనికి ముప్పై నిండని ఆడవాళ్ళకు మన ప్రభుత్వం దేశం దాటి పోవడానికి క్లియరెన్స్ ఇవ్వదు. "విజిట్ వీసా మీద పంపిస్తా, అక్కడ మారుస్తా" అనే సబ్ ఏజెంటును నమ్మొద్దు.)

ఇప్పుడు మా ఊళ్ళో కువైట్ దుడ్లతో కట్టిన ఆ ఇళ్ళకు టైల్స్ వేసేది బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు. మా వీధిలో ఒక బీహార్ మేస్త్రీ గది అడిగితే ఇంటాయన, "మగవాళ్ళు నలుగురు ఉండండి, సంసారం మాత్రం వద్దు, నీళ్ళు చాలవు" అన్నాడు. ఈయన కువైట్‌లోని ఫర్వానియాలో ఒక గదిలో ఎనిమిది మందితో బతికి వచ్చిన మనిషి.

"ఏందన్నా, నువ్వూ కఫీల్ అయిపోయినావే?" అని నేనంటే, "అదీ ఇదీ ఒకటేనా? ఊరుకో" అని కసురుకున్నాడు.

మేస్త్రీకి రెండు వీధుల అవతల వేరే ఇల్లు దొరికింది. భార్యా, కూతురూ వచ్చారు. రేషను బియ్యం బీహార్ కార్డు మీదే ఇక్కడ తీసుకుంటున్నాడు, పాపను సర్కారు బడిలో చేర్చుకున్నారు. ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేకపోయింది.