తిరుపతి కొర్లగుంటలో పాత టిఫిన్ కొట్లు కనపడటం లేదా?

రెండుసార్లు వెళ్లినా కొత్త కేఫ్‌లు, లాడ్జీలే తగిలాయన్నారు కదా, మీరు మ్యాప్‌ను నమ్ముకోవడమే కారణం అనుకుంటున్నా. ఇంటి ముందు రెండు బల్లలేసి నడిపే కొట్టుకు బోర్డే ఉండదు, మ్యాప్‌లో ఎలా వస్తుంది? పాత ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కడితే ఆ కొట్టు పక్క సందులోకి మారిపోతుంది.

1. 2023లో శ్రీనివాస సేతు పేరుతో తెరిచిన ఫ్లైఓవర్ ఎక్కకండి. దాని మీద పోతే లీలామహల్ సర్కిల్ కిందే ఉండిపోతుంది. సర్కిల్ దగ్గర దిగి నడవండి.

2. పొద్దున ఆరున్నరకల్లా ఉండండి. తొమ్మిది దాటితే చాలాచోట్ల గిన్నెలు కడిగేస్తుంటారు.

3. అందరూ వదిలేసేది ఇదే. "మంచి హోటల్ ఎక్కడ?" అని అడిగితే మిమ్మల్ని యాత్రికులనుకుని పెద్ద హోటల్‌కే పంపిస్తారు. తినేదాని పేరు పెట్టి అడగండి. పాల బూత్ దగ్గరో, ఆటో స్టాండ్‌లోనో "అన్నా, గుంత పొంగణాలు ఎవరేస్తారు ఇక్కడ?" అంటే చాలు, సందు మలుపు దాకా వచ్చి చూపిస్తారు. మధ్యాహ్నమైతే రాగి సంగటి, ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) అని అడగండి.

4. చిల్లర పెట్టుకోండి. తిన్నాక "ముందు ఎక్కడుండేది అక్కా?" అని అడిగితే, పాత వీధి కథంతా ఆమే చెబుతుంది.