ముందు నీ పేరు సరిచూసుకో

యలహంక, బెంగళూరు

చిట్టితల్లీ,

సెకండ్ పీయూసీ (మన ఊళ్లో ఇంటర్ రెండో ఏడాది) క్లాసులు మొదలవకముందే స్కాలర్‌షిప్‌ల గురించి మామయ్యని కనుక్కోమన్నావట, మీ అమ్మ ఫోన్లో మురిసిపోతూ చెప్పింది. ఇరవై రెండేళ్లు కాలేజీ ఆఫీసులో ఈ దరఖాస్తులతోనే గడిపినవాణ్ణి. మార్కులు చాలక స్కాలర్‌షిప్ పోయినవాళ్లకన్నా కాగితాల్లో పేరు కలవక పోగొట్టుకున్నవాళ్లనే నేను ఎక్కువ చూశాను.

నీ సంగతే చూడు. ఎస్సెస్సెల్సీ, అదే పదో తరగతి మార్క్స్ కార్డులో ఇక్కడి పద్ధతిలో పేరు చివర ఇనీషియల్స్ ఉన్నాయి. ఆధార్ హిందూపురంలో తీయించాం కాబట్టి అందులో ఇంటిపేరు ముందు, అదీ పూర్తిగా. మనకి ఒక్కరే, కంప్యూటరుకి ఇద్దరు. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడు, పుట్టినతేదీతో సహా. మార్క్స్ కార్డు మార్పించడం పెద్ద తతంగం, ఆధార్ మార్చడమే నయం. అయితే అందులో పేరు మార్చుకోనిచ్చేది రెండేసార్లు. స్పెల్లింగ్ కాగితం మీద రాసుకుని మరీ వెళ్లు.

తర్వాత బ్యాంకు. 'ఆధార్ ఇచ్చాం కదా' అంటారు అందరూ. కేవైసీకి, అంటే మనమెవరో రుజువు చూపడానికి ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు పడేలా ఆధార్‌ని అకౌంటుకి జత చేయించడం, అంటే సీడింగ్ వేరు. ఆధార్ చివరగా ఏ అకౌంటుకి సీడ్ అయితే డబ్బు అందులోకే వెళ్తుంది. ఒకబ్బాయి ఏడాదంతా నా చుట్టూ తిరిగాడు. తీరా చూస్తే డబ్బు ఎప్పుడో వచ్చి, ఊళ్లో వాళ్ల తాత తెరిపించిన అకౌంటులో పడి ఉంది! పాస్‌బుక్కేమో ట్రంకుపెట్టె అడుగున. ఏ బ్యాంకుకి సీడ్ అయిందో మై ఆధార్ సైట్లో కనిపిస్తుంది, చూసుకో.

ఇక స్కీములు. కేంద్ర ప్రభుత్వానిది నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఒకటుంది. డిగ్రీకి ఏడాదికి 12,000 రూపాయలు, కుటుంబ ఆదాయం 4.5 లక్షలు దాటకూడదు. అందులో 80 పర్సెంటైల్ అంటారు, 80 శాతం మార్కులనుకుని భయపడకు. మీ బోర్డులో మీ గ్రూపులో వందలో పైనున్న ఇరవై మందిలో ఉండాలని అర్థం. అది తీసుకుంటే ఇంకో ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకోకూడదు, కాబట్టి ఏది ఎక్కువొస్తుందో లెక్క వేసుకుని ఎంచుకో. బీఎస్సీ ఫిజిక్స్ చదవాలన్న నీ కోరిక నిజమైతే, సైన్స్ డిగ్రీ చదివేవాళ్లకి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ వదలొద్దు. బోర్డులో పై ఒక శాతంలో ఉండాలి, కష్టమే, కానీ ఏడాదికి 80,000. ఇంజినీరింగ్‌కి అది రాదని మీ నాన్నకి నువ్వే చెప్పు, నేను చెబితే బాగుండదు.

రాష్ట్ర ప్రభుత్వ స్కీములకి నాడకచేరి, అదే ఇక్కడి రెవెన్యూ ఆఫీసు ఇచ్చే ఆదాయ సర్టిఫికెట్ కావాలి, దాని మీదున్న ఆర్‌డీ నంబర్ అడుగుతారు. ఫలితాల తర్వాత అందరూ అక్కడే ఉంటారు, కాబట్టి ఇప్పుడే తెచ్చుకో.

సైబర్ సెంటర్లో అప్లై చేయాల్సివస్తే షాపతని ఫోన్ నంబర్ ఇవ్వనీయకు. పని త్వరగా అవుతుందని వాళ్ల నంబరే ఎక్కించేస్తారు. తర్వాత ఓటీపీ కోసం నువ్వు అతని చుట్టూ తిరగాలి.

ప్రైవేటు ఫౌండేషన్లు నీ గురించి రాయమంటాయి. 'నేను చాలా కష్టపడే అమ్మాయిని' అని మాత్రం రాయకు, వంద దరఖాస్తుల్లో తొంభై అలాగే ఉంటాయి. నాన్న నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి పడుకుంటే లైటు తీసేసి మెట్ల మీద చదువుకుంటావు కదా, అది రాయి.

సబ్మిట్ కొట్టడంతో అయిపోదు. కాలేజీ వెరిఫై చేయాలి, ఆఫీసుకెళ్లి అడుగు, విసుక్కున్నా అడుగు. ఏటా రెన్యువల్ కూడా ఉంటుంది. ఇందాక చెప్పిన 12,000 రూపాయల కేంద్ర స్కీముకి 50 శాతం మార్కులు, 75 శాతం అటెండెన్స్ ఉండాలి. మా వాడికి మొదటి ఏడాది వచ్చిన స్కాలర్‌షిప్ రెండో ఏడాది రెన్యువల్ చేయక పోయింది. అందరి దరఖాస్తులూ చూసిన నేను ఇంట్లోవాడిది మరిచిపోయాను. మీ అత్త ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

వచ్చే ఆదివారం ఆధార్, మార్క్స్ కార్డు, పాస్‌బుక్ తీసుకుని రా. ఒరిజినల్సే తీసుకురా, జిరాక్సుల్లో అక్షరాలు నాకు సరిగా కనిపించట్లేదు. అత్త ఉగ్గాని, బజ్జీలు చేస్తానంది.

మామయ్య