నలభైకి దగ్గరపడ్డాక కాలేజీలో చేరితే ఆర్థిక సాయం దొరుకుతుందా?

ఉద్యోగం మానేసి డిగ్రీలో చేరాలనుకుంటున్నాను, ఇద్దరు చిన్నపిల్లలున్నారు, ఈ వయసులో ఎవరైనా సాయం చేస్తారా అని అడిగారు. చేస్తారండి. నేనూ పెళ్లయి, పాప పుట్టాకే మళ్ళీ కాలేజీలో చేరాను. మీరు ఏ దేశమో రాయలేదు కాబట్టి అమెరికా, ఇంగ్లండ్ సంగతులు చెబుతాను.

వయసు గురించి టెన్షన్ పడకండి. అమెరికాలో పెల్ గ్రాంట్‌కు (ఆదాయం తక్కువున్న విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టక్కర్లేని డబ్బు) వయసు పరిమితి లేదు. ఇంగ్లండ్‌లో ట్యూషన్ ఫీజు లోన్‌కూ మీ వయసు అడ్డు కాదు.

అసలు చిక్కు ఆదాయం లెక్కలో వస్తుంది. అమెరికాలో ప్రభుత్వ సాయం కోసం నింపే ఫాఫ్సా (FAFSA) దరఖాస్తుకు రెండేళ్ల కిందటి పన్ను వివరాలు తీసుకుంటారు. అంటే మీరు ఉద్యోగం మానేసి చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా, కాగితం మీద జీతం వస్తున్నట్టే ఉంటుంది. నాకు మొదట చాలా తక్కువ మంజూరైంది అందుకే. నాతోపాటు చదివే ఒకావిడ చెబితే, ఉద్యోగం పోయిన లెటరూ ఆఖరి జీతం స్లిప్పూ జతచేసి, ఇప్పటి పరిస్థితి చూసి మళ్ళీ లెక్కకట్టమని ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి రాశాను. సాయం పెరిగింది. అలా సవరించే అధికారం అక్కడి కాలేజీలకు చట్టప్రకారమే ఉంది, కానీ మనం అడగాలి. ఇంగ్లండ్‌లో మీలాంటి వాళ్లకి ముఖ్యంగా చూసేది భర్త ఆదాయం. కుటుంబ ఆదాయం కనీసం 15 శాతం తగ్గేట్టుంటే ఈ ఏడాది ఆదాయాన్నే లెక్కలోకి తీసుకోమని అడగొచ్చు.

అప్పు గురించి ఆలోచించే ముందు, తిరిగి కట్టక్కర్లేని డబ్బు మొత్తం అడిగేయండి. ఇంగ్లండ్‌లో ఫుల్‌టైమ్ విద్యార్థులకు చైల్డ్‌కేర్ గ్రాంట్ ఉంది. ఆదాయాన్ని బట్టి, ఒక పరిమితిలో, పిల్లల సంరక్షణ ఖర్చులో 85 శాతం వరకు ఇస్తారు. ఇద్దరు పిల్లలున్న మీకు ఇది చిన్న సాయం కాదు. అత్యవసరానికి ఆదుకునే నిధి చాలా కాలేజీల్లో ఉంటుంది. దాని గురించి ఎవరూ పిలిచి చెప్పరు.

సబ్జెక్టులు తగ్గించుకుని నిదానంగా చదవాలనుకుంటే, సాయం ఎంత తగ్గుతుందో ముందే కనుక్కోండి. పెల్ గ్రాంట్ తగ్గుతుంది.

ఇంకొక్క మాట. రాజీనామా ఇవ్వకముందే, చదువు ఖర్చు కంపెనీ భరిస్తుందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. అమెరికాలో అలా ఇచ్చే డబ్బుకు ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను మినహాయింపు ఉంది. చదువయ్యాక అక్కడే ఎన్నాళ్లు పనిచేయాలంటారో మాత్రం సంతకం పెట్టేముందు చదవండి.