రుద్రమదేవి ఫోటోలు ఫ్యాన్సీ డ్రెస్‌లా వచ్చాయా? ఇలా చేసి చూడండి

ఓరుగల్లు కోటలో మీ అమ్మాయికి రుద్రమదేవి వేషం వేసి తీసిన ఫోటోలు స్కూల్ ఫ్యాన్సీ డ్రెస్‌లా వచ్చాయని రాశారు కదండీ. బాధపడకండి, తప్పు పాపది కాదు, బట్టది. మెరిసే శాటిన్ ఎండ పడగానే ఫోటోలో తెల్లటి మచ్చలా కనిపిస్తుంది. చేనేత నూలు తీసుకోండి, ముదురు కుంకుమ రంగైతే ఆ బూడిదరంగు రాతి తోరణం ముందు నిండుగా కనిపిస్తుంది. కాకతీయుల కాలపు నూలు బట్ట సాలెగూడంత సన్నగా ఉండేదని మార్కోపోలో రాశాడు, కాబట్టి నూలు వేస్తే తక్కువ చేసినట్టు అనుకోవద్దు.

ఇంకో మాట. రుద్రమదేవి రుద్రదేవ మహారాజు అనే మగ పేరుతో ఏలింది. పూలజడ, వడ్డాణం తీసేయండి. జుట్టు ముడి వేసి, పంచెకట్టు కట్టి, నడుముకి దట్టీ బిగించండి. ప్లాస్టిక్ కత్తికి మ్యాట్ నలుపు రాసి, ఆరాక అంచు మీద మాత్రం వెండి రంగుని గుడ్డతో అద్దితే ఇనుములా ఉంటుంది.

మిట్టమధ్యాహ్నం వద్దే వద్దు, కళ్ల కింద నీడలు పడతాయి. పొద్దున్నే వెళ్లండి. ట్రైపాడ్ కావాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. కెమెరాని పాప నడుము ఎత్తుకి దించి తీయండి. నవ్వమని మాత్రం అడక్కండి, "కోట గుమ్మం దాటి ఎవరొస్తున్నారో చూడు తల్లీ" అనండి. ఆ చూపు దానంతటదే వస్తుంది.