ఇంటింటి ఆరోగ్య లెక్కలు చదివితే అమ్మాయికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మాది గుంతకల్లు. మా అమ్మాయి అనంతపురంలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరం చదువుతోంది. బెంగళూరులో డేటా సైన్స్ కోర్సుకు అడ్వాన్స్ కట్టేశాను. ఇప్పుడు అది వద్దు, జనాభా, ఆరోగ్య గణాంకాల్లో పీజీ చేస్తానంటోంది. కాలేజీ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకని ఒక ఊళ్లో ఆడవాళ్ల రక్తహీనత మీద సర్వే చేసింది. తన లెక్కలో పది మందిలో ఇద్దరికే రక్తం తక్కువ అని వచ్చిందట, ప్రభుత్వ లెక్కలో సగం మందికి పైనే ఉందట. ఆ తేడా ఎందుకని ఇప్పటికీ కాగితాలు ముందేసుకుని కూర్చుంటోంది. ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకునే పనికి పీజీ ఎందుకండీ? మా తమ్ముడి కొడుకు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. ఈమె ఏం చదువుతోందని బంధువులు అడిగితే ఏం చెప్పాలి? రెండు దారులూ పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చి చెప్తాను. కానీ మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ పోలిక కాదనుకుంటున్నాను. కడప నుంచి, నంద్యాల నుంచి కూడా ఏటా ఇదే ప్రశ్న వస్తుంది, కోర్సు పేరే మారుతుంది. తమ్ముడి కొడుకు ముందుకు పోయాడు, మా పిల్ల వెనకబడుతుందేమో అన్నదే అసలు భయం. మీ పాప వెనకబడలేదు. అందుకు రుజువు మీ ఉత్తరంలోనే ఉంది, మీరు దాన్ని ఫిర్యాదుగా రాశారు.

ఆ రక్తహీనత తేడా సంగతి చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ సర్వే వాళ్లు 'నీకు రక్తం తక్కువా అమ్మా' అని అడిగి రాసుకోలేదు. వేలి నుంచి రక్తపు చుక్క తీసి హిమోగ్లోబిన్ కొలిచారు. డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ గర్భిణి కాకపోతే 12 గ్రాములు, గర్భిణి అయితే 11 గ్రాములు, అంతకు తక్కువుంటే రక్తహీనత. మీ పాప బహుశా నోటితో అడిగి రాసుకుని ఉంటుంది. కళ్లు తిరిగితే ఎండలో పనికి పోయొచ్చినందుకే అనుకునే మనిషి, రక్తం తక్కువని ఎలా చెప్తుంది? పాప లెక్కలో వచ్చింది తమకు ఆ జబ్బు ఉందని తెలిసినవాళ్లు, ప్రభుత్వ సర్వేలో వచ్చింది నిజంగా ఉన్నవాళ్లు. ఆ ఊరి ఏఎన్ఎంకు అన్నిటికంటే పనికొచ్చేది ఈ రెండింటి మధ్య తేడానే. తమ అంకె తేడాగా వస్తే చాలామంది విద్యార్థులు ప్రభుత్వ అంకెకు దగ్గరగా దిద్ది రికార్డు సమర్పిస్తారు. మీ అమ్మాయి దిద్దలేదు. గణాంకాల్లో పనికొచ్చే మనిషికి మొదట ఉండాల్సిన గుణం అదే, ఏ కోర్సూ దాన్ని నేర్పదు.

ఈ చదువు పేర్లు రాసుకోవడం కాదని మీకు నమ్మకం కలగాలి కాబట్టి ఇంకో రెండు మాటలు. ఆసుపత్రులు నెలనెలా పంపే లెక్కలు హెచ్‌ఎంఐఎస్ అనే ప్రభుత్వ ఆరోగ్య సమాచార వ్యవస్థలోకి వెళ్తాయి. కాన్పు ఎక్కడ జరిగితే అక్కడి లెక్కలో పడుతుంది. గద్వాల వైపు నుంచి, రాయచూరు వైపు నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి వచ్చినవాళ్ల కాన్పులు కర్నూలు ఖాతాలోకే పోతాయి. మీ గుంతకల్లు నుంచి బళ్లారి పోయి కాన్పు చేయించుకుంటే ఆ కాన్పు కర్ణాటకలో కనబడుతుంది. కుటుంబ ఆరోగ్య సర్వే అయితే ఇంటికే వెళ్లి అడుగుతుంది. ఇది తెలియనివాడు రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి 'కర్నూలులో కాన్పులు పెరిగాయి' అని రాసేస్తాడు.

జిల్లాల గొడవ ఒకటుంది. ఐదో విడత కోసం మన రాష్ట్రంలో సర్వే జరిగింది 2019లో. కొత్త జిల్లాలు వచ్చింది 2022లో. అందుకే అందులో శ్రీ సత్యసాయి, నంద్యాల, అన్నమయ్య జిల్లాలకు విడిగా అంకెలు ఉండవు, పాత 13 జిల్లాలకే ఉంటాయి. పాత అనంతపురం అంకెను ఇప్పటి అనంతపురానిదిగా చెప్తే తప్పు. శిశు మరణాల రేటు కావాలంటే, ఎంపిక చేసిన ప్రాంతాల్లో జనన మరణాలు నమోదు చేసే శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ ఏటా ఇస్తుంది, అయితే అది రాష్ట్రం వరకే. ఇక అదే ఐదో విడత సర్వేలో బాల్యవివాహాల అంకె, మన రాష్ట్రానికి 29.3 శాతం. 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకుండా పెళ్లయినవాళ్లు అంతమందని దాని అర్థం. 'ఈ ఏడాది జరిగిన పెళ్లిళ్లలో 29 శాతం బాల్యవివాహాలే' అని ఎవరైనా రాస్తే, అది చదివి తప్పని పట్టుకోగలిగేవాళ్లు కావాలి. అలాంటివాళ్లు మన దగ్గర చాలా తక్కువ.

ఇప్పుడు డేటా సైన్స్. ఆ రంగం మీద నాకు కోపం లేదు. ఇంజినీరింగ్‌లోనో ఎమ్మెస్సీలోనో పునాది వేసుకుని వెళ్లేవాళ్లకు మంచి దారే. నా అనుమానమల్లా కొన్ని నెలల్లో డేటా సైంటిస్టును చేస్తామనే ఇన్‌స్టిట్యూట్ల మీద. బ్యాచ్ మొత్తానికీ అవే ప్రాజెక్టులు, ఇళ్ల ధరల అంచనా, టైటానిక్ ప్రయాణికుల జాబితా. బయోడేటాలన్నీ ఒకేలా ఉంటే కంపెనీవాడు ఎవర్ని తీసుకోవాలి? అక్కడ నేర్పే కోడ్‌లో చాలా భాగం ఇప్పుడు ఏఐ టూల్సే రాసిపెడుతున్నాయి. ఈ అంకె ఎవర్ని అడిగితే వచ్చింది, ఎవర్ని అడగలేదు, దీన్ని నమ్మొచ్చా అని చూసే పని మాత్రం మనిషిదే. మీ పాప చేస్తున్నది సరిగ్గా అదే పని. ఆమెను అది మాన్పించి పైపై కోడ్ నేర్పించడానికి మీరు డబ్బు కడుతున్నారు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్నారా? ఎంతమందికి, ఏ జీతానికి, ఏ కంపెనీలో వచ్చిందో కాగితం మీద రాసిమ్మని అడగండి.

కొంచెం కటువుగానే అంటున్నాను, ఏమీ అనుకోకండి. పాపను అడగకుండా అడ్వాన్స్ కట్టడం మీ తప్పు. వెనక్కి అడగండి. ఇవ్వకపోతే ఆ డబ్బు పోయిందనుకోండి, దానికోసం పిల్ల చదువును తాకట్టు పెట్టొద్దు. 'ఇంటింటికీ తిరిగే పని' అని ఇంకెప్పుడూ ఆమె ముందు అనకండి. చిన్నప్పుడు ఆమెకు టీకాలు వేయించుకోమని మీ గడప దాకా వచ్చి చెప్పినవాళ్లు కూడా ఇంటింటికీ తిరిగినవాళ్లే. బంధువులు అడిగితే, మా అమ్మాయి ఆరోగ్య గణాంకాలు చదువుతోందని చెప్పండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఈ దారిలో ఇబ్బందులు లేవని అనను. సర్వే ఏజెన్సీల్లో, ఆరోగ్య ప్రాజెక్టుల్లో మొదటి ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువే. నిధులు ఆగితే పని ఆగుతుంది. మంచి అవకాశాలు హైదరాబాద్, చెన్నై, ఢిల్లీ వైపే ఎక్కువ. కానీ స్టాటిస్టిక్స్ గట్టిగా ఉన్నవాళ్లకు దారి ఒకటే కాదు. మనుషుల మీద మందులు పరీక్షించే క్లినికల్ ట్రయల్స్ చేసే ఫార్మా కంపెనీల్లో బయోస్టాటిస్టిక్స్, అంటే వైద్య గణాంకాల పనులు ఉన్నాయి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ ఉంది. ఏపీపీఎస్సీ నుంచి అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులు పడుతుంటాయి. పరిశోధన అంటే పెద్ద నగరాల్లోనే అనుకోవద్దు, మీ పాత అనంతపురం జిల్లాలోని బత్తలపల్లి ఆసుపత్రి హెచ్‌ఐవీ రోగుల వివరాల మీద అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి.

చదువు విషయానికొస్తే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను నడిపించేది ముంబైలోని ఐఐపీఎస్, అంటే అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ. అక్కడ బయోస్టాటిస్టిక్స్ అండ్ డెమోగ్రఫీ (జనాభా శాస్త్రం)లో ఎమ్మెస్సీ ఉంది. సీటు వస్తే పంపండి. అంత దూరం అని టెన్షన్ ఉంటే తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో పాపులేషన్ స్టడీస్ విభాగం ఉంది. అనంతపురం ఎస్కేయూలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసి ఆరోగ్య రంగంలోకి వెళ్లినా నష్టం లేదు. ముంబై ఒక్కటే నమ్ముకోకుండా అన్నిచోట్లా దరఖాస్తు పెట్టమనండి. లెక్కలకు వాడే ఆర్, పైథాన్ అనే కంప్యూటర్ భాషలు చదువు పక్కనే ఇంట్లో నేర్చుకోవచ్చు.

ఈలోగా పాపకు ఒక పని. కుటుంబ ఆరోగ్య సర్వేలో అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల ఫ్యాక్ట్ షీట్లు, అంటే ముఖ్యమైన అంకెల పట్టికలు, నాలుగో విడతవీ ఐదో విడతవీ ఉచితంగా దొరుకుతాయి, దించుకోమనండి. బ్రాకెట్లో ఉన్న అంకెలు 25 నుంచి 49 మంది మీద లెక్కకట్టినవి, నక్షత్రం గుర్తు ఉన్నచోట 25 మంది కూడా లేరు, వాటితో వాదన కట్టొద్దని చెప్పండి. ఒక్క అంశం తీసుకుని, ఈ అంకెల నుంచి ఏం చెప్పొచ్చు, ఏం చెప్పలేం అని రెండు పేజీలు రాయమనండి. రాశాక మీరు ముందు చదవండి. అర్థం కానిచోట ఆమెనే అడగండి, చెప్పగలదు. తర్వాత నాకు పంపండి, దరఖాస్తుకు జతచేసేలా ఎలా దిద్దుకోవాలో నేను చెప్తాను.