‘రెడ్ హెర్రింగ్’ మీద రాసిన తమ్ముడికి

చిరంజీవికి ఆశీస్సులు.

‘రెడ్ హెర్రింగ్’ అనే ఇంగ్లీషు నుడికారం మీద నీ వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. మాటల పుట్టుక మీద నీకున్న ఇష్టం చూసి సంతోషం వేసింది. రెండు చోట్ల మాత్రం పెన్సిల్ ఆగింది.

‘ఎర్ర చేప’ అని రాశావు. ఆ రంగు సముద్రంలో వచ్చింది కాదు తమ్ముడూ. హెర్రింగ్ వెండిలా మెరిసే చేప. దాన్ని ఉప్పులో బాగా ఊరేసి, రోజుల తరబడి పొగ పెడితే ఎరుపు కలిసిన గోధుమ రంగుకు తిరిగి గట్టిపడుతుంది. ఫ్రిజ్‌లు లేని కాలంలో ఇంగ్లండులో అలా నిల్వ చేసుకుని తినేవారు. ఎండుచేపల సంచీ ఎక్కిన బస్సులో నువ్వూ ప్రయాణం చేసే ఉంటావు. సంచీ దిగిపోయినా వాసన దిగదు. ఆ ఘాటు పాఠకుడి ముక్కుకు తగలాలి. అప్పుడే, అసలు విషయం మీంచి ధ్యాస మళ్లించడానికి మధ్యలో పడేసే సంగతికి ఈ పేరెందుకు వచ్చిందో తెలుస్తుంది. మనం ‘పక్కదారి పట్టించడం’ అంటామే, అదే. ఆ మాటే వాడు.

రెండోది ఇంకా ముఖ్యం. వేటకుక్కలను దారి తప్పించడానికి ఈ చేపను నేల మీద ఈడ్చేవారని, మాట అక్కడే పుట్టిందని తేల్చేశావు. నీ వయసులో నేనూ అదే నమ్మాను. 17వ శతాబ్దం చివరి నాటి ఒక వేట పుస్తకంలో చేపను ఈడ్చే ముచ్చట ఉన్న మాట నిజమే. కానీ అది కుక్కల వెంట పరిగెత్తడం గుర్రాలకు అలవాటు చేయడానికి. చచ్చిన పిల్లినో నక్కనో ఈడ్వాలి, అవి దొరక్కపోతే ఈ చేప. కుక్కలు ఆ వాసన వెంటే పోవాలి. ఇందులో మోసం ఎక్కడుంది?

మోసం అనే అర్థాన్ని జనంలోకి తెచ్చింది విలియం కాబెట్ అనే పత్రికా రచయిత. చిన్నప్పుడు కుందేలు వెంటపడ్డ కుక్కలను ఈ చేపతో మళ్లించానని 1807 ఫిబ్రవరిలో తన వారపత్రికలో రాశాడు. అది కల్పించిన కథేనని పదచరిత్ర పరిశోధకులు అంటారు. ఆయన కోపమంతా తోటి పత్రికల మీద. నెపోలియన్ ఓడిపోయాడన్న తప్పుడు వార్త వెంట ఆ కుక్కల్లాగే పరిగెత్తి, దేశంలోని అసలు సంగతులు వదిలేశాయని. 1833లో మళ్లీ అదే కథ ఎత్తుకున్నాడు.

పత్రికలను తిట్టడానికి వాడిన మాటను మనం వేటగాళ్ల ఖాతాలో వేసేశాం! నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది. వేట కథను కొట్టెయ్యకు, అంతమంది ఎందుకు నమ్మారో రాయి. చేప వాసనతో మొదలుపెట్టి కాబెట్ దగ్గరికి తీసుకురా. ఆదివారంలోగా పంపు, మళ్లీ కూర్చుని చదువుతాను.