ట్రాక్టరు పిలిచే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

డాలస్‌కు ఉత్తరాన మీరు కొన్న ఐదెకరాల బీడును వచ్చే నెలలో దున్నించి, ప్రెయిరీ, అంటే చెట్లు పెద్దగా లేని సహజమైన గడ్డి మైదానం, దాని గడ్డి విత్తనాలు చల్లించాలనుకుంటున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. అయితే ఆ గడ్డి నేలల్లో ఇరవై ఏళ్లుగా స్వచ్ఛందంగా పనిచేస్తున్నవాడిగా నా సలహా ఏమిటంటే, దున్నించే పని ఈ ఏడాదికి ఆపు. అన్ని రుతువుల్లోనూ ఆ బీడులో నడిచి, అక్కడ ఇప్పటికే ఏముందో చూడు.

అక్కడి వారు బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అని పిలిచే ఆ నేల మన నల్లరేగడి వంటిదే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, పత్తికి బాగా అనువైనది. రైలు మార్గాలు వచ్చాక పత్తి కోసం ఆ ప్రాంతాన్ని దాదాపు మొత్తం దున్నేశారు, తరువాత ఊళ్లు విస్తరించాయి. నేడు అసలు ప్రెయిరీ నూటికి ఒక వంతు కూడా మిగల్లేదు. మిగిలిన ముక్కల్లో చాలావరకు పశువుల మేతకు ఎండుగడ్డి కోసుకుంటూ నాగలి తగలనీయకుండా ఉంచుకున్న బీళ్లే. మీది కూడా అటువంటిదేమో తెలియకుండా ట్రాక్టరు దింపడం నాకు భయంగా ఉంది. విత్తనాలు చల్లి ప్రెయిరీని పోలిన గడ్డినేలను పెంచగలం గాని, వేల ఏళ్లుగా వేళ్లూ శిలీంధ్రాలూ పురుగులూ కలిసి కట్టుకున్న ఆ మట్టిని తిరిగి చేయలేం.

వాన వెలిసిన మరునాడు వెళ్లి చూడు. నేల చిన్న చిన్న గుంటలుగా, దిబ్బలుగా ఉండి, గుంటల్లో మాత్రమే నీరు నిలిస్తే అది మంచి గుర్తు. అక్కడి పాత రైతులు వాటిని పందులు పొర్లిన గుంటలని అనేవారు. నిజానికి అవి రేగడి ఉబ్బి కుంగడం వల్ల ఏర్పడతాయి, ఏళ్ల తరబడి దున్నిన నేలలో చదునైపోతాయి. శరదృతువులో లిటిల్ బ్లూస్టెమ్ అనే స్థానిక గడ్డి ఎర్రబారుతుంది, ఇండియన్ గ్రాస్ అనే మరో స్థానిక గడ్డి బంగారు రంగు కంకులు వేస్తుంది. ఈ రెండూ గుత్తులుగా కనిపిస్తే చుట్టూ పుల్లలు పాతి తాడు కట్టు.

ఆ నేలకు పెద్ద బెడద మనం వినాయకుడికి సమర్పించే గరికే. బెర్ముడా గ్రాస్ పేరుతో పచ్చికల కోసం పెంచిన ఆ గడ్డీ, మన జొన్నకు దాయాది అయిన జాన్సన్ గ్రాస్సూ స్థానిక మొక్కలను ఊపిరాడనివ్వవు. దున్నితే వాటి దుంపవేర్లు ముక్కలై, ప్రతి ముక్కా కొత్తగా మొలుస్తుంది. అవి మాత్రమే ఉన్న చోట వేసవి అంతా ప్లాస్టిక్ పట్టా కప్పి మాడ్చు, అవసరమైతే మరుసటి వేసవి కూడా. ఆ తరువాతే, చలికాలం మొదట్లో, దగ్గరి ప్రాంతంలో సేకరించిన విత్తనాలు చల్లు. మొదటి రెండేళ్లు పైకి ఏమీ ఎదగనట్టే ఉంటుంది, అప్పుడు నిరాశపడకు. ఆ మొక్కలు ముందు వేళ్లనే పెంచుకుంటాయి. బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి వేళ్లు మనిషి నిలువును మించి దిగుతాయి, వాననీరు వాటి వెంటే లోపలికి ఇంకుతుంది.

ఈ గడ్డిని నిలిపినవి నిప్పూ, అడవిదున్నల మేతా. అక్కడి ఆదివాసులైన విచిటా, కాడో జాతుల వారు ఆ గడ్డితోనే గుండ్రని ఇళ్లు కప్పుకునేవారు, బీళ్లను తగలబెట్టి కొత్త చిగురు రప్పించేవారు. టెక్సాస్‌లో వారికిచ్చిన భూముల నుంచి 1859లో ఓక్లహోమా వైపు తరిమేశారు. వారి వారసులు నేటికీ అక్కడ ఉన్నారు. నీ పిల్లలకు ఆ బీడు కథ చెప్పేటప్పుడు మీ కొనుగోలు పత్రం నుంచి కాక, వారి నుంచి మొదలుపెట్టమ్మా.

నిప్పు మాత్రం నీ అంతట నువ్వు పెట్టవద్దు. అది శిక్షణ పొందిన బృందం, అనుమతి తీసుకుని చేయవలసిన పని. అప్పటిదాకా ఏడాదికొకసారి, విత్తనాలు రాలాక, సగం బీడు మాత్రమే కోయించి ఆ గడ్డిని బయటికి తీయించు. పక్షులకూ పురుగులకూ మిగతా సగం ఆసరా అవుతుంది.

అక్టోబరులో కంకులు వేసే వేళకు నేను వస్తాను. ఇద్దరం కలిసి గట్టు నుంచి గట్టుకు నడిచి, ఏ గుత్తి ఏదో రాసుకుందాం. అప్పటివరకు ట్రాక్టరు వారికి కబురు పెట్టకు.

ఆశీస్సులతో,
మామయ్య